స్పీకరు ముందు మైకు: ఎలక్ట్రిక్ గిటారుకు ఇంటి రికార్డింగు

ఎలక్ట్రిక్ గిటారు అనే వాద్యంలో సగభాగం యాంప్లిఫయరే. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో పనసదుంగను తొలిచి చేసే ఏకాండి వీణలో తీగ కంపనాన్ని పెంచి నాదంగా వెలువరించేది దాని కుండ. 1936లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు ప్రిన్సిపాలైన ద్వారం వెంకటస్వామి నాయుడు వాయించిన వయొలిన్‌లోనైతే ఆ పని పలుచని చెక్క పెట్టెది. నిండు చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ గిటారుకు అలాంటి డొల్ల లేదు గనుక, దాన్ని ఊరికే మీటితే పక్కగదిలోకి కూడా వినపడదు. తీగల కింద అయస్కాంతాల చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టి అమర్చిన పికప్ అనే భాగం, ఉక్కు తీగల కదలికను అతి స్వల్పమైన విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. యాంప్లిఫయర్ ఆ సంకేతాన్ని పెంచడమే కాక, పెంచే క్రమంలో దాని శిఖరాలను నొక్కి, కొంత కరకుదనం చేర్చి స్పీకరుకు అందిస్తుంది. సాధారణంగా 12 అంగుళాల వ్యాసముండే గిటారు స్పీకరు, సుమారు 5,000 హెర్ట్జులు దాటాక శబ్దాన్ని వేగంగా తగ్గించేస్తుంది, అంటే చెవిలో గుచ్చుకునే కీచుదనాన్ని తానే వడగడుతుంది. గిటారు కేబులును నేరుగా కంప్యూటరుకు కలిపి, కరకుదనం పెంచి వాయిస్తే ధ్వని పొడిగా, గీరుకుపోతున్నట్లు వినిపించడానికి కారణం ఈ వడపోత లేకపోవడమే. స్పీకరు ముందు మైకు పెట్టి రికార్డు చేసే పద్ధతి ఇన్ని దశాబ్దాలుగా నిలిచి ఉండటానికి ఆధారం ఇక్కడే ఉంది.

తీగవాద్యానికి విద్యుత్తు తోడైతే ఏం సాధ్యమవుతుందో తెలుగునాటి నుంచి లోకానికి వినిపించినవారు గిటారిస్టు కాదు, మాండొలిన్ విద్వాంసులు ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టి, రుద్రరాజు సుబ్బరాజు వద్ద శిక్షణ పొంది, 1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఉత్సవంలో తొలి కచేరీ చేసిన శ్రీనివాస్, నాలుగు జతల తీగలుండే మామూలు మాండొలిన్‌ను వదిలి, విడివిడిగా అయిదు తీగలుండే ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను చేపట్టారు. మామూలు మాండొలిన్‌లో మీటిన స్వరం చూస్తుండగానే ఆరిపోతుంది. ఒకే మీటు మీద స్వరాన్ని పక్క స్వరాల మీదికి ఊపి, లాగి, జార్చవలసిన కర్ణాటక సంగీతపు గమకానికి ఆ కాస్త వ్యవధి చాలదు. పికప్, యాంప్లిఫయర్ కలిసి ఆరిపోతున్న స్వరపు తోకను కూడా వినిపించేంతగా పెంచాయి గనుకనే కీర్తన ఆ చిన్న వాద్యం మీద నిలబడింది. 1995లో గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి ఆయన చేసిన 'డ్రీమ్' ఆల్బమ్ విన్నవారికి, యాంప్లిఫయర్ కేవలం గొంతు పెంచే సాధనమన్న అభిప్రాయం మారక తప్పదు. విద్యుత్తు వాద్యం శాస్త్రీయతను చెడగొడుతుందన్న పాత సందేహానికి ఇంతకంటే గట్టి సమాధానం మరొకటి రాలేదు.

ఉత్తరాంధ్ర ఊళ్లలో ఎలక్ట్రిక్ గిటారు వినిపించేది ఎక్కువగా చర్చి ఆరాధనల్లోనూ, పెళ్లిళ్లలో, జాతరల్లో వాయించే ఆర్కెస్ట్రాల్లోనూ. ఆ వాద్యకారులు తమ పాటను రికార్డు చేసుకోవాలంటే విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో స్టూడియో గంటలు కొనుక్కోవలసిన అవసరం ఇప్పుడు లేదు. ఒక చిన్న యాంప్లిఫయర్, ఒక మైకు, మైకు సంకేతాన్ని కంప్యూటరుకు అందించే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టె చాలు. ఇల్లు స్టూడియోకు గతిలేని ప్రత్యామ్నాయమన్న చిన్నచూపుకు చరిత్రలో ఆధారం లేదు. అమెరికాలో లెస్ పాల్ తన ఇంటి గ్యారేజీలో గిటారు మీద గిటారు పేరుస్తూ చేసిన రికార్డింగు 1948లో వెలువడింది. 1976లో వచ్చిన బోస్టన్ బృందపు తొలి ఆల్బమ్‌లో అధికభాగాన్ని టామ్ షోల్జ్ ఇంటి నేలమాళిగలో తయారుచేశాడు.

ఇల్లు అనగానే మొదట ఎదురయ్యేది గది. ఉత్తరాంధ్రలోని కొత్తవలస వంటి ఊళ్లలో ఇప్పటి స్లాబు ఇళ్ల గదులు తరచుగా 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తుతో, నున్నటి సిమెంటు గోడలతో, టైల్సు నేలతో ఉంటాయి. ఎదురెదురు గోడల మధ్య శబ్దతరంగం అటూ ఇటూ తగిలి, కొన్ని స్థాయిల వద్ద తనను తానే బలపరచుకుంటుంది. 10 అడుగుల దూరానికి అవి సుమారు 57, 114 హెర్ట్జులు. వెడల్పూ ఎత్తూ ఒకటే అయినప్పుడు ఈ ఉబ్బు రెట్టింపవుతుంది, పైగా గిటారు అయిదో తీగ 110 హెర్ట్జుల వద్ద పలుకుతుంది గనుక ఆ ఒక్క తీగ మాత్రం గదిలో గుమ్మని మోగి, మిగిలినవి పలుచగా వినిపిస్తాయి. వాయించేవారు తమ చేతినో గిటారునో తప్పుపట్టుకునే ఈ లోపం నిజానికి గోడలది. యాంప్లిఫయరును మూలన నేల మీద పెడితే అది మరింత పెరుగుతుంది. ముక్కాలిపీట మీదికెక్కించి, గోడకు మూడు నాలుగడుగుల ఇవతలికి జరిపి, కొంచెం ఏటవాలుగా తిప్పితే చాలావరకు తగ్గుతుంది. వెనుక గోడకు బొంతలు, గోనెపట్టాలు మడతలు మడతలుగా వేలాడదీస్తే పైస్థాయి ప్రతిధ్వని చప్పబడుతుంది. కింది స్థాయి శబ్దాన్ని మాత్రం బట్ట ఆపలేదు, దానికి స్థలం మార్చడమే మందు. పాత పెంకుటిళ్లలో పైకప్పు ఏటవాలుగా, సందులతో ఉండటం వల్ల ఈ బాధ తక్కువ, అందుకు బదులుగా వానచప్పుడు ఎక్కువ.

కొత్తవలసకే ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. హౌరా–చెన్నై ప్రధానమార్గం నుంచి కిరండూల్ లైను చీలే జంక్షన్ ఇది. బైలాడిలా గనుల ఇనుపఖనిజంతో విశాఖ వైపు దిగే గూడ్సుబండ్ల గుడగుడ గాలి ద్వారా కంటే నేల ద్వారా, మైకు స్టాండు కాలి గుండా రికార్డింగులోకి చేరుతుంది. స్టాండు కింద మందపాటి బొంత మడిచివేసి, ఇంటర్‌ఫేసులోనో రికార్డింగు ప్రోగ్రాములోనో 80 హెర్ట్జుల కిందిదాన్ని కోసేసే ఫిల్టరు పెడితే ఆ గుడగుడలో అధికభాగం పోతుంది. మామూలుగా శ్రుతిచేసిన గిటారు అతి మంద్రతీగ 82 హెర్ట్జుల వద్ద మొదలవుతుంది గనుక ఈ కోత వల్ల వాద్యానికి పెద్దగా నష్టం లేదు.

గదిని మించిన శత్రువు కరెంటు. ఒకే చుట్టతో చేసిన సింగిల్ కాయిల్ పికప్, తీగ కంపనంతోపాటు ఇంటి వైరింగు చుట్టూ ఉండే 50 హెర్ట్జుల విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కూడా పట్టుకొని 'హమ్' అనే నిరంతర రొదగా వినిపిస్తుంది. రెండు చుట్టలను ఎదురెదురు దిశల్లో కలిపి ఆ రొదను రద్దుచేసే హమ్‌బకర్ పికప్‌ను 1955లో గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ రూపొందించింది ఇందుకే. మన ఇళ్లలో దీనికి తోడయ్యేది ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటరు: అది కరెంటు తరంగాన్ని మధ్యలో కోసి వేగం తగ్గిస్తుంది గనుక పికప్‌లో సన్నని ఝుంకారం పుడుతుంది, ఫ్యానును పూర్తి వేగంలో పెట్టినా ఆపేసినా అది పోతుంది. కరెంటు పోయినప్పుడు నడిచే చవకరకం ఇన్వర్టర్లు నునుపైన తరంగాన్ని ఇవ్వవు కాబట్టి వాటి మీద రికార్డు చేయకపోవడమే మేలు. వాయించేవారు గిటారు పట్టుకొని నెమ్మదిగా గుండ్రంగా తిరిగితే ఏదో ఒక దిక్కున రొద బాగా తగ్గుతుంది. ఆ దిక్కునే కుర్చీ వేసుకోవాలి. ఎర్తు సరిగా లేకపోవడం వల్ల వచ్చే రొద వేరు. తీగలను పట్టుకొని ఉండగా మైకుకు పెదవి తగిలి జిల్లుమంటే వాయించడం ఆపి ఎలక్ట్రీషియనును పిలిపించి, బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన ఎర్తు గొయ్యిలో తడి ఉందో లేదో చూపించాలి. రొద పోతుందని ప్లగ్గులోని మూడో పిన్నును తీసేయడం ప్రాణాంతకం, ఏ పాటా అంత విలువైనది కాదు.

మైకుల్లో ప్రధానంగా మూడు రకాలు ఈ పనికి వాడుకలో ఉన్నాయి. డైనమిక్ మైకులో సన్నని పొరకు అంటిన చుట్ట అయస్కాంతం మధ్య కదులుతుంది. 1965లో వచ్చిన షూర్ ఎస్ఎం57 ఈ రకానిదే, ఎంత పెద్ద శబ్దానికైనా బెదరదు, సముద్రపు తేమకు త్వరగా పాడవదు. రిబ్బన్ మైకులో అతి పలుచని లోహపు పట్టీ ఊగుతుంది, ధ్వని మెత్తగా ఉంటుంది, ముందూ వెనుకా సమానంగా వింటుంది కనుక గది ప్రతిధ్వనిని ముందే కొంత తగ్గించుకోవలసి వస్తుంది. కండెన్సర్ మైకు సున్నితమైనది, వివరంగా వింటుంది, ఉత్తరాంధ్ర వర్షాకాలపు చెమ్మకు చిటపటలాడుతుంది కూడా. వాడనప్పుడు మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచడం తప్పనిసరి. ఒకే మైకు కొనగలిగినవారు డైనమిక్ మైకే కొనాలి.

అసలు విద్య మైకును ఎక్కడ పెట్టాలన్నదానిలో ఉంది. గుడ్డ జాలీ వెనుక సెల్‌ఫోన్ టార్చి వేసి చూస్తే స్పీకరు మధ్యలో డస్ట్ క్యాప్ అనే చిన్న గోపురం, దాని చుట్టూ కాగితపు కోను కనిపిస్తాయి. గోపురం నడిమధ్యకు గురిపెడితే ధ్వని కొరడాలా తీక్షణంగా వస్తుంది. గోపురం, కోను కలిసే గీత దగ్గర పదునూ నిండుదనమూ సరిసమానంగా ఉంటాయి. కోను అంచు వైపు పోయేకొద్దీ మెత్తబడి, చివరకు మందగిస్తుంది. ఒక్కొక్క సెంటీమీటరుకు తేడా స్పష్టంగా వినిపిస్తుంది, ఇది యాంప్లిఫయర్ మీది ట్రెబుల్ మీటను తిప్పడం కంటే బలమైన మార్పు. దూరం సంగతి వేరు. అధికభాగం మైకులు దగ్గరికి జరిగేకొద్దీ కిందిస్థాయిని పెంచుతాయి, దీన్ని సామీప్య ప్రభావం అంటారు. జాలీకి ఆనించిన మైకు నుంచి నాలుగు వేళ్ల దూరానికి జరిపితే ఆ బరువు తగ్గి మీటు స్పష్టమవుతుంది. అడుగు దూరం దాటితే గది గొంతు కలుస్తుంది, పైన చెప్పిన సిమెంటు గదిలో అది వాంఛనీయం కాదు. పద్ధతి ఇలా ఉండాలి: ఒకరు వాయిస్తుండగా మరొకరు హెడ్‌ఫోన్లు పెట్టుకొని మైకును గోపురం నుంచి అంచు దాకా మెల్లగా జరపాలి, నచ్చినచోట ఆపి, జాలీ మీద సుద్దముక్కతో గుర్తుపెట్టాలి. వాయించేవారొక్కరే ఉంటే ఒకే చరణాన్ని అయిదారు స్థానాల్లో రికార్డు చేసి, అన్నిటినీ ఒకే హెచ్చుకు సరిచేసి పోల్చాలి. హెచ్చుగా ఉన్నది మెరుగ్గా ఉన్నట్లు చెవికి తోచడం సహజం కాబట్టి ఆ సవరణ లేనిదే పోలిక చెల్లదు.

రెండు మైకులు పెట్టాలన్న ఉబలాటం తొందరగానే కలుగుతుంది, అది అనుకున్నంత సులువు కాదు. ఒకే శబ్దం రెండు మైకులకు వేర్వేరు క్షణాల్లో చేరితే, కలిపినప్పుడు కొన్ని స్థాయిలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. రెంటి దూరంలో తేడా 17 సెంటీమీటర్లు ఉంటే సరిగ్గా గిటారుకు ప్రాణమైన 1,000 హెర్ట్జుల ప్రాంతమే పోతుంది. అందుకే రెండు మైకుల ముఖాలను జాలీకి సమాన దూరంలో, పక్కపక్కనే ఉంచాలి. వెనుక తెరిచి ఉన్న యాంప్లిఫయరుకు వెనుక కూడా మైకు పెట్టేవారు, కోను ముందుకు కదిలినప్పుడు వెనుకకు గుంజుకుంటుందని గుర్తుంచుకొని, ఆ మైకు పోలారిటీని, అంటే తరంగపు ప్లస్ మైనస్‌లను, తలకిందులు చేయాలి. ఒక మైకును ఆపి చూసినప్పుడు ధ్వని నిండుగా మారితే రెండోది చెరుపు చేస్తున్నట్లే.

ఇరుగుపొరుగు దృష్ట్యా హెచ్చు ఎంత ఉండాలన్న ప్రశ్న ఇంటి రికార్డింగులో ఎప్పుడూ ఉంటుంది. 50 వాట్ల యాంప్లిఫయరుకు బదులు 5 వాట్లది వాడితే చెవికి వినిపించే హెచ్చు సుమారు సగమే అవుతుంది తప్ప పదోవంతు కాదు, కనుక చిన్న యాంప్లిఫయరును కూడా గోడకు అవతలివారి వేళలు చూసుకొనే మోగించాలి. స్పీకరు అసలే మోగకుండా, ముందే కొలిచిపెట్టిన స్పీకరు, మైకుల స్వభావాన్ని ఇంపల్స్ రెస్పాన్స్ అనే ఫైలు రూపంలో సంకేతానికి తొడిగే పద్ధతి ఈ మధ్య బాగా వ్యాపించింది, రాత్రివేళ అదే శరణ్యం. అయితే ఆ ఫైలు కూడా ఎవరో ఒకరు ఒక స్పీకరు ముందు ఒక మైకును ఒకచోట నిలిపి తీసిన కొలతే. సుద్దగుర్తులతో వారాల తరబడి చెవిని సానబెట్టుకున్నవారు వందల ఫైళ్లలోంచి తమకు కావలసినదాన్ని రెండు నిమిషాల్లో ఏరుకుంటారు, ఆ సాధన లేనివారు వాటిలోనే తప్పిపోతారు. మైకుతో రికార్డు చేసేటప్పుడు కూడా డీఐ బాక్సు అనే చిన్న పరికరం ద్వారా గిటారు ముడి సంకేతాన్ని వేరే ట్రాకులో భద్రపరచుకోవడం మంచిది. వాయింపు కుదిరి ధ్వని కుదరని రోజున ఆ ముడి ట్రాకును తిరిగి యాంప్లిఫయరులోకి పంపి, మైకును మరోచోట నిలిపి, గిటారు ముట్టకుండానే మళ్లీ రికార్డు చేయవచ్చు.