సౌనాస్నానము - ఆయుర్దాయము

ఫిన్‌లాండు దేశపు జనసంఖ్య సుమారు 55 లక్షలు. అచ్చటి సౌనాలు 30 లక్షలకు పైగా ఉన్నవి. సౌనా యనగా చెక్కపలకలతో కట్టిన చిన్నగది. అందు పొయ్యిపై రాళ్లను కాల్చి, గాలిని 80 మొదలు 100 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేయుదురు. మనుష్యులు పది పదునైదు నిమిషములు అందు కూర్చుండి, చెమటపట్టిన పిదప వెలుపలికి వచ్చి చల్లబడుదురు. అంత వేడిలో చర్మమేల కాలదు? పొడిగాలి వేడిని మెల్లగా అందించును. చెమట ఆవిరియగుచు దేహమును చల్లార్చును.

ఈ స్నానము తరచు చేసినచో ఆయువు పెరుగునను ప్రచారము నేడు విరివిగా వినబడుచున్నది. అది యెంతవరకు నిలుచునో పరీక్షింతము.

ఈ ప్రచారమునకు ముఖ్యాధారము తూర్పు ఫిన్‌లాండులోని కువోపియో ప్రాంతమున జరిగిన పరిశోధన. 1984-89 మధ్య, 42 మొదలు 60 ఏండ్ల వయసుగల 2,315 మంది పురుషుల సౌనా అలవాటును వ్రాసికొని, సుమారు 20 ఏండ్లు వారిని గమనించిరి. ఫలితములు 2015లో వెలువడినవి. వారమునకొకమారు సౌనాకు పోవువారిలో ఆ కాలమున నూటికి 49 మంది, రెండు మూడు మార్లు పోవువారిలో 38 మంది, నాలుగు మొదలు ఏడు మార్లు పోవువారిలో 31 మంది మరణించిరి. వయసు, పొగత్రాగుడు, రక్తపోటు, వ్యాయామము మున్నగు భేదములను లెక్కించిన పిదప కూడ తారతమ్యము మిగిలినది. దీర్ఘకాలము ఓపికతో జరిపిన యీ పని శ్లాఘనీయమే.

కాని కొన్ని ప్రశ్నలు అడుగవలెను. మొదటిది: ఎవరితో ఎవరిని పోల్చిరి? సౌనాకు పోనివారు 12 మందియే దొరకినందున వారిని విడిచిపెట్టిరి. కావున ఈ అంకెలు తరచు పోవువారిని, అరుదుగా పోవువారిని మాత్రమే పోల్చుచున్నవి. నాలుగు మార్లు, అంతకు మించి పోవువారు 201 మందియే. అలవాటును గూర్చి అడిగినదియు ఆరంభమున ఒక్కమారే.

రెండవది మరింత ముఖ్యము. సౌనావలన ఆరోగ్యము కలిగెనా, ఆరోగ్యవంతులే సౌనాకు తరచుగా పోయిరా? గుండెలో నలతగలవాడు వేడిగదికి వెనుదీయుట సహజము. రెండు విషయములు కలిసి కనబడినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణము కాజాలదు.

కారణముండవచ్చునని శరీరశాస్త్రము సూచించుచున్నది. వేడికి చర్మములోని రక్తనాళములు విచ్చుకొనును. గుండె వేగముగా నడచునప్పటివలె కొట్టుకొనును. పిదప రక్తపోటు కొంత తగ్గును. అయినను సంభావ్యత నిరూపణము కాదు. హృద్రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు 8 వారములు సౌనా చేయించిన ప్రయోగమొకటి 2023లో వెలువడినది. అందు ధమనులు విచ్చుకొను శక్తి మెరుగుపడలేదు. ఇట్టి ప్రయోగములు చిన్నవి, స్వల్పకాలికములు. అవి ఆయుర్దాయమును తేల్చజాలవు. అనగా ప్రశ్న ఇంకను మూతపడలేదు.

చెమటతో విషములన్నియు పోవునను మాట మాత్రము నిరాధారము. చెమట చాలవరకు నీరు, ఉప్పు. వ్యర్థములను తొలగించు భారము ప్రధానముగా కాలేయము, మూత్రపిండములదే.

వేడి యెంత ఎక్కువైన అంత మేలని తలచుటయు ప్రమాదము. 2010లో ఫిన్‌లాండులోని హైనోలా పట్టణమున 110 డిగ్రీల వేడిలో జరిగిన సౌనాపోటీలో ఒక పోటీదారుడు మరణించెను. ఆ పోటీలు అంతటితో నిలిచిపోయినవి. మన వేసవి యెండయే మనకు సౌనా యని యెవరైన హాస్యమాడినచో, వారికిది చెప్పవలెను: సౌనాలోని మనిషి వేడి తోచగానే లేచి చల్లని చోటికి పోవును, మే నెలలో పొలమున పనిచేయు కూలికి ఆ వెసులుబాటు లేదు. వడదెబ్బ అతనికి ప్రాణాంతకము.

కావున ఆరోగ్యవంతునికి సౌనా హాయినిచ్చు అలవాటు, మేలును చేయవచ్చును. అది మందులకు, వ్యాయామమునకు బదులు కాదు. ఆయువు పెంచునను ప్రకటన యేది కంటబడినను, ఎవరిని ఎవరితో పోల్చిరని విద్యార్థి ముందుగా అడుగవలెను.