లేని చేతులల్లిన జడ

రంగస్థలముపై ఒక పీట తప్ప వేఱొక వస్తువు లేదు. ఆ పీటముందు నేలపై ఒక స్త్రీ కూర్చుండి, వెనుకనుండి ఎవరో తల దువ్వుచున్నట్లు, దువ్వెన పడిన ప్రతి పర్యాయమును శిరస్సును రవంత వెనుకకు వంచుచు, చిక్కు తగిలినచోట కనుబొమలు ముడిచి, "అబ్బా, మెల్లగానమ్మా!" అనును. తల్లి కనబడదు, తల్లి చేయియు కనబడదు. ఐనను పీటపై నొకతె కూర్చున్నదనియు, కదలనీయక బిడ్డను మోకాళ్లనడుమ బిగించి పట్టుకొన్నదనియు సభాసదులందఱును ఎఱుగుదురు. కీర్తిశేషురాలైన తల్లిని తలచుకొను కుమార్తె కథను ఏకపాత్రాభినయముగా ప్రదర్శింపబూనిన నటికి ఇట్టి చిన్న ఘట్టమే గీటురాయి.

ఇద్దఱు నటీమణులతో ఈ కథను మఱింత సులభముగా నడపవచ్చును గదా యని కొందఱు సందేహింతురు. తల్లి వేషము ధరించిన మఱియొక నటి రంగముపై నిలిచిన క్షణముననే తల్లి మనకు దొరకినట్లగును. ఆమె లేదను సత్యము మాటలలో మాత్రమే మిగులును. ఒంటరి నటి చూపులో మాత్రము తల్లియుండుటయు లేకుండుటయు ఏకకాలమున గోచరించును. ఈ కథకు ఏకపాత్రాభినయము సహజరూపమని నేను విశ్వసించుటకు కారణ మిదియే.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. దశరూపకములలో భాణమనునది ఏకాంకమై, ఏకపాత్రచేతనే నడచునట్టిది. అందలి విటుడు వీథిలో నిలిచి, కనబడని వారితో సంభాషించుచు, "ఏమనుచున్నావు?" అని తానే యడిగి, వారి యుత్తరమును తానే మరల పలికి, కథను నడపును. దీనికి ఆకాశభాషితమని పేరు. భాణము ప్రధానముగా శృంగారవీరములకు నెలవైనను, ఈ యుపాయము కరుణమునకు ఎంతయు ఉపకరించును. తల్లి పలికిన మాటను కుమార్తె మరల పలుకనక్కఱలేదు. ఆ మాటకు పట్టునంత కాలము మౌనముగా విని, పిదప బదులు చెప్పిన చాలును. నటి తల్లి వాక్యమును మనస్సులో ఆద్యంతము పలుకుకొననిచో ఆ మౌనము కొలత తప్పును. తప్పినప్పుడు ప్రేక్షకునకు అది ఆలకింపుగాక మఱపుగా తోచును. దృష్టికిని ఇట్టి నియమమే కలదు. లేని మనిషి కన్నులు ఎంత యెత్తున నున్నవో తొలుత నిర్ణయించుకొని, ఆ బిందువును వ్రేలెడైనను తప్పనీయరాదు.

స్మరణమునే నాట్యశిల్పముగా మలచిన సంప్రదాయము కేరళదేశమున సజీవముగా నున్నది. 2001 లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వముగా ప్రకటించిన కూడియాట్టమునందు, పాత్ర రంగమునకు వచ్చి తన పూర్వకథను తానొక్కతెయే నెమరువేసికొని అభినయించు భాగమునకు నిర్వహణమని పేరు. కులశేఖరవర్మ రచించిన సుభద్రాధనంజయ నాటకమున ద్వితీయాంకమందు ప్రవేశించు చేటి చేయు నిర్వహణమే శ్రీకృష్ణచరితమై, నంగియారుకూత్తు అను ఏకాకి స్త్రీనాట్యమునకు ఆధారమైనది. మిళావను వాద్యము మ్రోగుచుండగా, దీపము వెలుగున, ఆ నటి చేటిగనే యుండి యశోదయగును, పూతనయగును, మరల చేటియగును. వేషము మారదు, తెర పడదు. మేని నిలుకడయు చూపును మాత్రమే మారును. మూడు వత్తుల ఆ దీపమున రెండు వత్తులు నటివైపునకును ఒకటి ప్రేక్షకులవైపునకును వెలుగుట, ముఖమునందలి సూక్ష్మభావమునకు ఆ కళ యిచ్చిన గౌరవమునకు చిహ్నమువలె నాకు తోచును.

మన తెలుగునేలపై హరికథకుడును ఇట్లే ఒక్కడై అనేకులగును. 1864 లో జన్మించి, విజయనగర సంగీత కళాశాలకు ప్రథమాధ్యక్షుడై, హరికథా పితామహుడని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసుగారి సంప్రదాయమున, గజ్జెకట్టి చిడతలు పట్టిన భాగవతుడు రెప్పపాటులో రాజై, రాణియై, బంటై, మరల కథకుడగును. పాఠశాలల వార్షికోత్సవములలో బాలురకు అభిమానపాత్రమైన ఏకపాత్రాభినయము మాత్రము మయసభలోని దుర్యోధనునివంటి ధీరోద్ధతుల చుట్టును పెరిగినది. కావున కంఠనాదమే నటనయను భ్రమ కొంత వ్యాపించినది. తల్లిని తలచుకొను కుమార్తె పాత్ర ఆ భ్రమను తొలగింపజాలును. ఇచట సవాళ్లు లేవు, దీర్ఘసమాసములు లేవు. అన్నము కలిపి పెట్టిన చేయియు, కొంగున ముడివేసిన చిల్లరయు, వాకిట నిలిచి ఎదురుచూచిన చూపును కలవు.

ఇట్టి పాత్రకు ప్రాణము సాత్త్వికాభినయము. అష్టసాత్త్వికములలో అశ్రువు ఒకటి మాత్రమే. స్తంభము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము మొదలగు తక్కినవియు శోకమును చెప్పజాలినవే. ఆరంభముననే విలపించు నటికి చివరివఱకు పోవుటకు త్రోవ యుండదు. మన పల్లెలలో స్త్రీలు చనిపోయినవారి కడ కూర్చుండి, వారి వంటను, వారి పలుకును, వారు పడిన పాట్లను ఒక్కొక్కటిగా చెప్పి రాగముతీయుదురు. ఆ శోకమునందు కన్నీటికంటె ముందుగా జ్ఞాపకము వచ్చును. నిర్దిష్టమైన జ్ఞాపకమే కన్నీటిని తోడితెచ్చును. నటియు ఈ క్రమమునే పాటింపవలెను. చేతులకు పని కల్పించి, ఆ పని నడుమ శోకమును తనంత తాను రానీయవలెను.

మరల ఆ పీటకడకు పోవుదము. నటి యిపుడు పీటపై కూర్చుండి తల్లియైనది. శూన్యమున మూడు పాయలు తీసి అల్లుచున్నది. బిడ్డ తల ఎంత యెత్తున నుండెనో, ఆమె చేతులును సరిగా అంత యెత్తుననే యుండవలెను. అల్లిక సాగుచుండగా ఆ చేతులు మెల్లగా పైకి లేచును. బిడ్డ పెరుగుచున్నదని ఒక్క మాటయైన లేకయే మనకు తెలియును. పదేండ్లు గడచుటకు పది నిమిషములు వలదు, జానెడెత్తు చాలును. ఇంకను కొంతసేపటికి ఆ చేతులు వణకును, పాపిట వంకరపోవును. అప్పుడామె లేచి పీటవెనుకకు పోయి, కుమార్తెయై, పీటపై కూర్చున్న వృద్ధురాలి పలుచని వెండ్రుకలను, నొప్పి తగులకుండ, దువ్వనారంభించును. తల్లి తనకు చూపిన యొడుపే ఆమె మునివ్రేళ్లలో కనబడును. ఈ పాత్రల మార్పిడి నంగియారుకూత్తు నటికిని హరిదాసునకును కేవలము శిల్పము. ఇచట అదియే కథ. తల్లి కుమార్తెలోనికి వచ్చుటను ఆ శరీరమే సాక్షియై చూపుచున్నది.

చనిపోయినవారిని మనము బొమ్మలలోను కాగితములలోను దాచుకొందుము. కాని తల్లి నడక, తల్లి దగ్గు, కొంగుతో చేతులు తుడుచుకొను తీరు కాగితమున నిలువవు. మన దేహములోనే, మనకు తెలియకయే, నివసించుచుండును. వానిని గుర్తించి, శిక్షణచే శోధించి, పదిమంది యెదుట నిలుపుటయే ఈ కళ ప్రయోజనము. ప్రేక్షకుడు పరాయి తల్లిని చూడవచ్చి, ఇంటికి మరలునప్పుడు తన చేతులను తాను చూచుకొనును.

కడపటి ఘట్టమున పీటపై ఎవరును లేరు. నటి మొదటివలెనే నేలపై కూర్చుండి, అలవాటుచొప్పున తలను రవంత వెనుకకు వంచి, క్షణకాలము వేచియుండును. ఏ చేయియు రాదు. అప్పుడామె జుట్టును భుజముమీదుగా ముందునకు తెచ్చుకొని, మూడు పాయలు తీసి, తన జడను తానే అల్లుకొనును.