పావురం వాలిన మేడ

ఓ పావురం కథా, నీకెన్ని ఊళ్లు, ఎందరు కవులు! రాజమహేంద్రవరం మాత్రం నిన్ను తన కడుపున పుట్టిన బిడ్డలా చెప్పుకుంటుంది. ఊళ్లో ఒక మెట్టకు సారంగధర మెట్ట అని పేరు పెట్టుకుంది. రాజరాజ నరేంద్రుడి కొడుకు సారంగధరుడు ఎగరేసిన పావురం వెళ్లి సవతితల్లి చిత్రాంగి మేడ మీద వాలింది. వెళ్లొద్దని చెలికాడు సుబుద్ధి ఎంత చెప్పినా వినక అతడు గుమ్మం దాటాడు. ఆమె కోరింది, అతడు కాదన్నాడు. ఆమె మోపిన నేరం నమ్మి తండ్రి కొడుకు కాళ్లూ చేతులూ నరికించాడు.

చరిత్ర చూస్తే రాజరాజు కొడుకు రాజేంద్రుడు, 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడైనవాడు. సారంగధరుణ్ణి కన్నది కవులే. 15వ శతాబ్దంలో గౌరన నవనాథచరిత్రలో ద్విపదగా పాడినప్పుడు నువ్వు మాళవంలో ఉన్నావు. అక్కడి రాజు పేరు రాజమహేంద్రుడు. ఆ పేరే నిన్ను గోదావరి గట్టుకు తోడుకొచ్చిందని నా నమ్మకం. గౌరన నీలో యోగాన్ని చూశాడు. సిద్ధుడి దయవల్ల తెగిన అవయవాలు మళ్లీ మొలిచి, రాకుమారుడు చౌరంగి అనే సిద్ధుడయ్యాడు. తంజావూరిలో చేమకూర వేంకటకవి నీకు ప్రబంధపు నగలు తొడిగాడు. పిఠాపురం సీమలో కూచిమంచి తిమ్మకవీ నిన్ను వదల్లేదు. 1883లో విజయనగరం కుర్రాడు గురజాడ నిన్ను ఇంగ్లీషు పద్యంగా అచ్చువేయించాడు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు విషాద సారంగధర రాసి, తెలుగు నాటకానికి కన్నీటితో ముగిసే హక్కు సంపాదించిపెట్టాడు.

అందరిలోకీ అప్పకవికి నా దండం. ఆయన చెప్పిన కథలో, నన్నయ రాసిన వ్యాకరణాన్ని భీమకవి అక్కసుతో గోదావరిలో కలిపేశాడట. రాజుగారబ్బాయి సారంగధరుడు చిన్నప్పుడే దాన్ని వల్లె వేసి ఉన్నాడట. సిద్ధుడై శతాబ్దాలు బతికి, మతంగ పర్వతం దగ్గర బాలసరస్వతికి అప్పగించాడట! పండితులు ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా, ఎంత గొప్ప ఊహ! కన్నతండ్రి చేతులు నరికించినా నోట్లో చదువు మిగిలింది. నది మింగిన పుస్తకం ఆ నోట మళ్లీ పలికింది.

దూరాన గ్రీకు దేశంలో నీకొక అక్క ఉంది. క్రీస్తుపూర్వం 428లో యూరిపిడీస్ నాటకంలో ఫెయిడ్రా సవతికొడుకు హిప్పొలిటస్ మీద అబద్ధపు నేరం రాసిపెట్టి ఉరిపోసుకుంది. తండ్రి శాపానికి సముద్రంలోంచి ఎద్దు పుట్టుకొచ్చి కొడుకు ప్రాణం మీదికి తెచ్చింది. కొడుకు తండ్రిని క్షమించి కన్నుమూశాడు. రోమన్ సెనెకా ఆమె చేతే నిజం ఒప్పించి, ఆ తర్వాతే ఆమెను చావనిచ్చాడు. 1677లో ఫ్రెంచి కవి రసీన్ ఆమె గుండెలోని రంపపుకోతనే నాటకంగా చేశాడు. ఈ ముగ్గురూ కొడుకును బతికించలేకపోయారు గానీ ఆమె మాట విన్నారు.

మనవాళ్లలో చాలామంది కొడుకును బతికించారు, అమరుణ్ణి చేశారు. చిత్రాంగి మాత్రం చాలాకాలం పాపిష్ఠిదిగానే మిగిలింది. కుమారుడి పటం చూసి మనసిచ్చిన పిల్లను తండ్రి తన భార్యగా తెచ్చుకున్నాడన్న మలుపు వచ్చాకే, 1957 సినిమాలో భానుమతి ఆ పాత్ర వేశాకే, మనకు ఆమె మీద కాస్త జాలి పుట్టింది. అది చాలదు.

గోదావరి జిల్లాల కొత్త కవులారా, రాజుగారి న్యాయం, కొడుకుగారి శీలం చాలా విన్నాం. ఈసారి ఆ మేడలోంచి, చిత్రాంగి గొంతుతో రాయండి.