కీలు కదిలితేనే బొమ్మ

తోలుబొమ్మ కొనేవాళ్ళు ముందు కిరీటం చూస్తారు. తర్వాత చీర అంచు చూస్తారు, రంగులు బాగున్నాయంటారు, ఇంట్లో గోడ ఎంతుందో గుర్తుచేసుకుని బేరానికి దిగుతారు. మోచేతిని చూసేవాళ్ళు బహు తక్కువ. నేను మోచెయ్యే చూస్తాను. నడుమున్న బద్ద పట్టుకుని బొమ్మను పైకెత్తి ఒక్కసారి విదిలిస్తాను. భుజం కదిలి, ఆ కదలిక మోచేతికి దిగి, మణికట్టు దగ్గరికొచ్చి ఆగితే అది చెయ్యి తిరిగినవాళ్ళు ముడేసిన బొమ్మ. చెయ్యంతా ఒకటే ముక్కగా ఊగిందా, దాని కిరీటానికి ఎన్ని చిల్లులు పొడిచినా నాకక్కర్లేదు.

మా పెద్దకడుబూరు ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ నల్లరేగడి పొలాల్లో ఉంటుంది. ఇటు చూస్తే తెలుగు, అటు చూస్తే కన్నడ. తోలుబొమ్మ విషయంలో ఇంతకన్నా మంచి చోట పుట్టడం కష్టం. పడమటికి బళ్ళారి, అది దాటి పోతే కొప్పళ. దక్షిణానికి పోతే ధర్మవరం పక్కన నిమ్మలకుంట. ఈ మూడు చోట్లా మహానుభావులు పుట్టారు. నిమ్మలకుంట దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కొప్పళ జిల్లా మోరనాళకు చెందిన భీమవ్వ దొడ్డబాళప్ప శిళ్ళేక్యాతర్‌కు 2025లో వచ్చింది, తొంభై ఆరేళ్ళ వయసులో. ఆ వయసు దాకా ఆగి ఇచ్చినందుకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియదు. ఇక బళ్ళారి బెళగల్లు వీరణ్ణ. రామాయణ భారతాలు ఆడే తెర మీదికి గాంధీ మహాత్ముణ్ణి ఎక్కించిన మనిషి. కిరీటం లేదు, గద లేదు, నగ లేదు. ఒక గోచీ, ఒక కర్ర, ఒక కళ్ళజోడు. చిల్లుల పనితనంతో కళ్ళు మిరుమిట్లు గొలిపే అవకాశమే లేని బొమ్మను తెర మీద నడిపించి నిలబెట్టాలంటే చేతిలో ఎంత సత్తువ ఉండాలి! ఆయన 2023లో రోడ్డు ప్రమాదంలో పోయారు. పత్రికలు ఆయనకిచ్చిన చోటు చాలలేదని నాకు ఇప్పటికీ కోపమే.

ఈ కళ ఎప్పటిదని అడిగితే తలా ఒకటి చెబుతారు. శాతవాహనుల నాటిదంటారు, ఇక్కణ్ణుంచే జావా దాకా పోయిందంటారు. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు తెర వెనక బొమ్మలాటను ప్రస్తావించాడన్నది మాత్రం పండితులు చూపించే ఆధారం. నిమ్మలకుంట వాళ్ళ పూర్వీకులు మరాఠా దేశం నుంచి వచ్చారని చెప్పుకుంటారు, ఇళ్ళలో ఆ యాస ఇంకా వినిపిస్తుంది. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లోని పక్కచూపు మొహాలు, కోటేరు ముక్కులు, పెద్ద కళ్ళు చూసినవాళ్ళకు ఇవి చుట్టాలేనని ఎవరూ చెప్పనక్కర్లేదు. చరిత్రకు ఇంత చాలు. పనిలోకి పోదాం.

ఒకప్పుడు దేవతలకు, నాయకులకు జింకతోలు వాడేవాళ్ళు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక అది పోయింది, ఇప్పుడంతా మేకతోలే. తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, చెక్క మీద లాగి మేకులు కొట్టి ఎండబెడతారు. చెప్పుల తోలులా ఊనరు. ఈ ఒక్క మాట బొమ్మలు కొన్నవాళ్ళంతా గుర్తుపెట్టుకోవాలి, మరమ్మతు దగ్గర మళ్ళీ వస్తుంది. ఎండిన తోలు వెలుగుకు పెడితే తేనెరంగులో మెరుస్తుంది. దాని మీద గీత గీసి, రకరకాల ఉలులతో చిల్లులు పొడిచి, రెండు వైపులా రంగులద్దుతారు. ఆ చిల్లులు సోకు కోసం పొడిచినవి కావు. హారం, వడ్డాణం, చీర అంచు అన్నీ చీకట్లో చుక్కలుగా వెలిగేది వాటిలోంచే. సీతమ్మలాంటి బొమ్మకు ఒక తోలు సరిపోవచ్చు. రావణుడికి నాలుగైనా కావాలి: ఒంటికొకటి, కాళ్ళకొకటి, అయిదేసి చేతుల జట్టుకొకటి.

ఇప్పుడు కీలు. రెండు తోలుముక్కలను ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా పెట్టి, నడిమిన చిల్లు పొడిచి, దారం దూర్చి ఇటూ అటూ ముడేస్తారు. చెబితే ఇంతే. చిల్లు ఎక్కడ పొడవాలన్నది మాత్రం ఏళ్ళు పడితే గానీ వచ్చేది కాదు. వేలెడు పక్కకు జరిగితే చెయ్యి ఎత్తినప్పుడు భుజం దగ్గర సందు పడి, అందులోంచి దీపం కనబడి, వీరుడు కాస్తా చిరిగిన చాటలా అయిపోతాడు. ముడి బిగిస్తే చెయ్యి కొయ్యబారుతుంది. వదులైతే ఆంజనేయుడు కల్లు తాగినట్టు తూలతాడు. నర్తకి బొమ్మకు మెడ, నడుము కూడా విడిగా కదలాలి. ఆ నడుం ముడి సరిగ్గా పడ్డ బొమ్మను ఆడిస్తే వెనకున్నది తోలని మర్చిపోతాం.

నాలోని పక్షపాతం దాచుకోను. ఒడిశా రావణఛాయ బొమ్మకు కీళ్ళే ఉండవు, ఒకటే ముక్క. కేరళ తోల్పావకూత్తు బొమ్మకు ఎక్కువగా ఒక చెయ్యి కదులుతుంది. ప్రపంచమంతా పొగిడే జావా బొమ్మకు భుజాలు, మోచేతులు. మన బొమ్మకు భుజం, మోచెయ్యి, మణికట్టు, తుంటి, మోకాలు, కొన్నింటికి మెడ కూడా. పైగా నాలుగడుగులు, అయిదడుగులు, కొన్ని మనిషెత్తు. పక్క రాష్ట్రాల వాళ్ళు నొచ్చుకున్నా సరే, నా ఓటు మన రాయలసీమ బొమ్మకే.

అంత బొమ్మను ఆడించేది ఒక్క మనిషి. ఒంటికి నిలువునా చీల్చిన బద్ద ఉంటుంది, అది ఒక చేతిలో. బొమ్మ రెండు చేతులకూ తగిలించే పుల్లలు రెండూ ఇంకో చేతిలో. నోట్లో రంగనాథ రామాయణం ద్విపద. కాళ్ళ కింద చెక్కపలక. యుద్ధం వచ్చినప్పుడు దాన్ని దబదబా తొక్కాలి. మధ్యలో కేతిగాడు, బంగారక్క అనే హాస్యపాత్రలు వస్తే గొంతు మార్చి బూతు కలిపి నవ్వించాలి. మళ్ళీ మరుక్షణం సీతమ్మ ఏడుపు. ఒళ్ళంతా పనిచేసే ఈ విద్యను ‘జానపద వినోదం’ అని రెండు ముక్కల్లో తేల్చేసే పెద్దమనుషుల్ని ఒక్క రాత్రి తెర వెనక కూర్చోబెట్టాలి.

ఇళ్ళలో బొమ్మలున్నవాళ్ళతో ఇప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడాలి. ఊనని తోలుకు తడి శత్రువు. దుమ్ము పట్టిందని తడిగుడ్డతో తుడిచేవాళ్ళున్నారు. తుడిస్తే తోలు ఉబ్బుతుంది, ఆరాక ముడత పడుతుంది, రంగు గుడ్డకు అంటుకుంటుంది. మెత్తటి పొడి కుంచెతో, చిల్లుల్లో ఇరుక్కోకుండా దులపాలి. వంకర తిరిగిన బొమ్మను ఇస్త్రీ పెట్టెతో సాపు చేయొద్దు, వేడికి తోలు ముడుచుకుపోతుంది. రెండు చదునైన పలకల మధ్య పెట్టి పైన బరువు వేసి ఓపిక పట్టాలి. చిరుగుకు సెల్లోటేపు అంటించకండి. కొన్నాళ్ళకు దాని జిగురు పచ్చబడి దీపం ముందు మరకలా కనిపిస్తుంది, పీకితే రంగుతో సహా వస్తుంది. పల్చటి మేకతోలు ముక్క వెనక పెట్టి సన్నటి కుట్టు వేయించాలి. తెగిన ముడికి ఇనుపతీగ బిగించకండి. తీగ చిల్లును కోస్తుంది, తుప్పు దిగుతుంది, కీలు ఒకసారి కోసుకుపోతే చెయ్యి మొత్తం మార్చాల్సిందే. నూలుదారమే వెయ్యాలి. పాత చిల్లులోంచే వెయ్యాలి. కొత్త చిల్లు పొడిచారో, చేసినవాడి లెక్క పోయినట్టే.

నా దగ్గరున్న ఒక పాత సుగ్రీవుణ్ణి ఫ్రేము కట్టించమని ఓ దుకాణంలో ఇచ్చాను. మహానుభావుడు బొమ్మ కదలకూడదని కీళ్ళన్నిటికీ జిగురు పూసి, అట్టకు అంటించి, అద్దం బిగించి ఇచ్చాడు. ఎంత బాగా వచ్చిందో చూడండి సార్ అన్నాడు పైగా! ఆ జిగురు వదిలించడానికి నేను పడ్డ పాట్లు పగవాడికి వద్దు.

అద్దం వెనక అట్టకు అంటిన తోలుకు గాలాడదు, వానాకాలం చెమ్మ లోపలే ఉండి బూజు పడుతుంది. ఇంకో నష్టం దానికన్నా పెద్దది: వెనక నుంచి వెలుగు రాదు. తోలుబొమ్మను ముందు నుంచి వెలుగేసి చూడటమంటే నేతచీరను మడత విప్పకుండా చూడటమే. మరి ఎలా పెట్టుకోవాలి? ఆడేవాళ్ళ దగ్గరే ఉపాయం ఉంది. వాళ్ళ తెర రెండు తెల్లటి చీరలు. ఒకదాని అంచు మీద ఇంకోదాని అంచు ఎక్కించి, ఈత ముళ్ళతో కుచ్చుతారు. ఆ అంచు వెనక రెండు గుంజల మధ్య తాడు బిగిస్తారు. సభలో కూర్చుని కదలక్కర్లేని పాత్రల్ని అదే ఈత ముల్లుతో తెరకు గుచ్చి వదిలేస్తారు, చేతులు మాత్రం వేలాడుతుంటాయి. తెర పైభాగం కొంచెం చూసేవాళ్ళ వైపు వాలి ఉంటుంది, బొమ్మ జారకుండా గుడ్డకు ఆనుకుంటుంది. మేకు లేదు, జిగురు లేదు, అద్దం లేదు. వందల ఏళ్ళుగా ఈ ముల్లే బొమ్మల్ని నిలబెట్టింది.

ఇంట్లోనూ అంతే చెయ్యొచ్చు. చెక్కచట్రానికి తెల్ల నూలుగుడ్డ బిగించండి. మా వైపువాళ్ళకు గుడ్డ వెతుక్కునే పనే లేదు, 1938లో మాచాని సోమప్ప చేనేత సంఘం పెట్టిన ఎమ్మిగనూరు పక్కనే ఉంది. ఒక మగ్గం పంచె చాలు. బొమ్మను బద్దతోనే నిలబెట్టండి, చేతులు వదిలేయండి. వెనక జానెడు దూరంలో వేడెక్కని ఎల్‌ఈడీ దీపం పెట్టండి. ఎండ తగిలే గోడ వద్దు, వంటింటి పొగ వద్దు. పక్షానికోసారైనా చట్రం నుంచి దించి ఒక్క పావుగంట పిల్లల చేత ఆడించండి. కదలని కీలు దగ్గర తోలు బిర్రబిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఎప్పుడో ఎత్తబోతే అక్కడే పగులుతుంది. బెంగళూరు చిత్రకళా పరిషత్తులో ఎం.ఎస్. నంజుండరావు కష్టపడి కూడబెట్టిన తోలుబొమ్మల సంగ్రహం ఉంది. వాళ్ళు అలా దాచకపోతే ఎన్నో బొమ్మలు మనకు దక్కేవే కావు, దండం పెడతాను. ప్రదర్శనశాలకు దాచడమే పని. మన ఇంటికి అంత కట్టుబాటు లేదుగా.

ఇక నకిలీలు. ఎగ్జిబిషన్లలో ప్లాస్టిక్ షీటు మీద మెషీను కోసిన ‘తోలుబొమ్మలు’ పెట్టి అమ్ముతున్నారు. రంగు అచ్చు వేసినది, చిల్లులన్నీ ఒకే కొలత, ఒక్క కీలు లేదు. భుజం దగ్గర కీలున్నట్టు కనబడటానికి గుండ్రంగా నల్లచుక్క అచ్చేస్తారు! దొంగతనం కూడా సరిగ్గా చేతకాని దొంగతనం ఇది. రాష్ట్రం పేరు మీద భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న కళకే ఈ గతి పడితే, ఆ గుర్తింపును కాపాడాల్సినవాళ్ళు ఏం చేస్తున్నట్టు?

ల్యాంపుషేడ్ల సంగతి వేరు. నిమ్మలకుంటలో ఇప్పుడు ఎక్కువ ఇళ్ళు బతుకుతున్నది తోలు ల్యాంపుషేడ్ల మీద, గోడబొమ్మల మీద. లేపాక్షి హస్తకళల దుకాణాల్లో దొరికేవి అవే. సినిమా వచ్చి, టీవీ వచ్చి, రాత్రంతా ఆట కట్టించుకునే ఊళ్ళు లేకుండా పోయాక వాళ్ళు కనిపెట్టుకున్న దారి అది. దాన్ని తప్పు పట్టే హక్కు, ఆట కట్టించుకోవడం మానేసిన మనకు లేదు. ల్యాంపుషేడుకు కీలు అక్కర్లేదు, అదే నా భయం. ఉలిపని నేర్చుకున్న కుర్రవాళ్ళు ఉన్నారు, అద్భుతంగా చిల్లులు పొడుస్తున్నారు. కీలు ఎక్కడ పడాలో తెలియాలంటే బొమ్మను ఆడించాలి, ఆడించాలంటే ఎవరో ఒకరు పిలవాలి.

కరువు సీమలో వానలు రాకపోతే విరాటపర్వం చదివించడం, ఆడించడం మన పెద్దలకు తెలిసిన పనే. వానల సంగతి దేవుడెరుగు, ఆ వంకనైనా బొమ్మలవాళ్ళకు పిలుపు వచ్చేది. ఇప్పుడు జాతర కమిటీలు డీజే పెట్టెలకు పోసే డబ్బులో కొంత చాలు, రెండు మేళాలు రెండు రాత్రులు ఆడతాయి. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, పెద్దకడుబూరు కమిటీల పెద్దలారా, ఈ దసరాకు ఒక్క రాత్రి ఇవ్వండి. ఇరవై నిమిషాల ముక్క వద్దు. తెల్లారేదాకా ఆడనివ్వండి, నిద్రొచ్చినవాళ్ళు అక్కడే పడుకుంటారు, మన తాతలు పడుకోలేదా?

ముడి తెగిన బొమ్మ ఇంట్లో ఉన్నవాళ్ళు ఫ్రేముల దుకాణం వైపు వెళ్ళకండి. ఆదోనిలో రైలెక్కితే గుంతకల్లు, అనంతపురం మీదుగా ధర్మవరం, అక్కణ్ణుంచి నిమ్మలకుంట దగ్గరే. బొమ్మను మడవకుండా రెండు అట్టల మధ్య పెట్టి తీసుకెళ్ళండి. ఒక ముడికి ఇంతా అని కూలి దగ్గర బేరమాడకండి, అడిగిందానికన్నా కొంచెం ఎక్కువే ఇవ్వండి. కుదిరితే ఇంట్లో కుర్రాణ్ణి వెంటబెట్టుకెళ్ళి, వాళ్ళు ముడి వేస్తున్నంతసేపూ పక్కన కూర్చోబెట్టండి.