మోటర్ కొన్న లెక్కనే

జూన్, జులై వచ్చాయంటే నిజాంపేటలో నన్ను దారిలో ఆపేవాళ్లు ఎక్కువవుతారు. పిల్లలు ఇంజనీరింగ్‌లోనో డిగ్రీలోనో చేరతారు, ఇంట్లో లాప్‌టాప్ మాట మొదలవుతుంది. ఏళ్లుగా దాని ముందు కూర్చుని రాసుకునేవాణ్ని కాబట్టి నాకన్నీ తెలుసని వాళ్ల నమ్మకం. ఈసారి మా వాడకట్టు కాక మనవరాలి కోసం వచ్చాడు. నేను ప్రాసెసర్, ర్యామ్ అంటూ అందుకున్నాను. కాసేపు విని అడ్డం తగిలాడు.

"అవన్ని నాకెందుకు బిడ్డా, ఖరాబైతే యాడ బాగుచేస్తరు?"

బోరు మోటర్ కొనే రైతు అడిగే మొదటి మాట అది. మోటర్ కాలితే వరి ఆగదు, ఎండిపోతుంది. అందుకే కంపెనీ పేరుకన్నా ముందు వైండింగ్ చేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడో, సామాను దొరుకుతుందో లేదో ఆరా తీస్తాడు. లాప్‌టాప్ దుకాణం మెట్లెక్కేసరికి ఆ తెలివిని చెప్పులతోపాటు బయటే విడిచిపెడతాం. నేనూ విడిచినవాణ్నే.

నా పాత లాప్‌టాప్ పద్నాలుగో నెలలో చచ్చింది. వారంటీ ఏడాదే. రామాయంపేట చేరి, 44వ జాతీయ రహదారి మీద బస్సెక్కి, సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగి, ఇంకో బస్సు మారి సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. మదర్‌బోర్డు పోయిందన్నారు. చెప్పిన ధర, కొన్న ధరలో సగానికి దగ్గర. ఇచ్చి రావడానికి ఒక రోజు, తెచ్చుకోవడానికి ఇంకో రోజు. తర్వాత వారంటీ కాగితం తీరిగ్గా చదివితే అసలు సంగతి తెలిసింది: గడువు లోపల పోయినా బోర్డు డబ్బులు మిగిలేవి గానీ, ఆ రెండు రోజుల తిరుగుడు నాకే ఉండేది. నాది మనమే మోసుకెళ్లి ఇవ్వాల్సిన రకం వారంటీ. మనిషి ఇంటికొచ్చి బాగుచేసేదాన్ని ఆన్‌సైట్ అంటారు. అదైనా అన్ని ఊళ్లకూ ఉండదు. మన పిన్ కోడ్‌కు వర్తిస్తుందో లేదో ముందే కంపెనీని అడగాలి.

ఇక యంత్రం సంగతి. ఆఫీసుల కోసం చేసే వరసలు, అంటే థింక్‌ప్యాడ్, ఎలైట్‌బుక్ లాంటివి ఖరీదెక్కువే. కానీ వాటి మూత కీలు, కీబోర్డు గట్టివి. విప్పే పద్ధతి చెప్పే పుస్తకాన్ని కంపెనీలే నెట్‌లో పెడతాయి. ఏ రకం కొన్నా మూడు ప్రశ్నలు వేయండి. బ్యాటరీ మార్చుకోవచ్చా? ర్యామ్ బోర్డుకు అతికించారా, విడిగా ఉందా? హార్డ్ డిస్క్ స్థానంలో వచ్చిన ఎస్‌ఎస్‌డీని మార్చే వీలుందా? వీటికి సరైన జవాబుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు వెతుక్కోవచ్చు.

ఇక ఎక్స్‌టెండెడ్ వారంటీ. బిల్లు కట్టే చోట కుర్రవాడు "ఇంకో ఐదు వేలు పెట్టండి సార్, రెండేళ్లు నిశ్చింత" అన్నాడనుకుందాం. పెద్ద రిపేరుకు ఇరవై వేలు అనుకుందాం. అంటే ఆ రెండేళ్లలో నాలుగింటిలో ఒకటి అంత పెద్దగా చెడిపోతేనే మన ఐదు వేలకు లెక్క సరిపోతుంది. అన్నేసి చెడిపోతాయనుకుంటే అమ్మేవాడు ఆ ధరకు అమ్మడు. పైగా నీళ్లు ఒలికినా, కింద పడినా, కరెంటు ఎక్కువై కాలినా మామూలు వారంటీ వర్తించదు. మన ఊళ్లలో ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి కదా. కింద పడితే, నీళ్లు పడితే అనేదానికి వేరే ప్లాన్ ఉంటుంది, దానికి వేరే డబ్బు. బ్యాటరీకి చాలాసార్లు ఏడాదే.

తొందరపడాల్సిన పని కూడా లేదు. చాలా కంపెనీలు మొదటి వారంటీ ముగిసేలోపు గడువు పెంచుకోనిస్తాయి. ఆఖరు తేదీ కనుక్కుని ఇంటికొచ్చి ఆలోచించుకోవచ్చు. ఆ పొడిగింపు కాగితం మీద ఉన్నది కంపెనీ పేరా, మధ్యలో ఇంకెవరిదా అన్నది మాత్రం చూడాలి. ఇస్తామన్న సేవ ఎగ్గొడితే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు కొన్నవాటికి ఫిర్యాదు రుసుము లేదు.

నా తీర్పు ఇది. కంపెనీదే అయి, మనిషి మన ఊరికి వస్తాడంటే, ఆ యంత్రం ఆగితే చదువో సంపాదనో ఆగుతుందంటే పొడిగింపు కొనండి. లేకుంటే ఆ ఐదు వేలు పోస్టాఫీసులో వేసి, ఎర్తింగ్ ఉన్న సాకెట్‌లో చార్జర్ పెట్టండి.

కాక మనవరాలు హాస్టల్‌లో ఉంటుంది. బస్సు ప్రయాణాలు, మంచం మీద చదువులు. ఆ అమ్మాయికి కింద పడినా వర్తించే ప్లాన్ తీయించాం. కాక ఆ బిల్లును పట్టాదారు పాస్‌బుక్కుల పక్కన పెట్టెలో దాచబోయాడు. ఆపాను. దుకాణాల్లో ఇచ్చే ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు వేడికి, కాలానికి వెలిసిపోతాయి. మూడో ఏట వారంటీ అడిగేనాటికి చేతిలో తెల్ల కాగితమే మిగులుతుంది. మీ ఇంట్లోనూ అలాంటి బిల్లు ఉంటే, ఇవాళే జిరాక్స్ తీయించండి.