మంచును ఎగజిమ్మే ట్రాక్టర్

అమెరికాలో మిషిగన్ ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సు మీది గాలికి రాత్రికి రాత్రే దారులు మంచులో మునిగిపోతాయి. తెల్లారేసరికి స్కూలు బస్సు గడపదాకా వస్తోందంటే అది ట్రాక్టర్ స్నోబ్లోయర్ చలవే. మన రోటవేటర్‌ను తిప్పే పీటీవోనే దీన్నీ తిప్పుతుంది, మామూలుగా నిమిషానికి 540 చుట్లు. మరలాంటి ఆగర్ మంచును మధ్యకు లాగితే, దాని వెనకున్న ఫ్యాన్ గొట్టంలోంచి దూరంగా విసురుతుంది. గొట్టాన్ని గాలివాలుకు తిప్పకపోతే మంచంతా డ్రైవర్ మొహానికే! యంత్రం వెనక తగిలించిందైతే మెడ తిప్పుకుని రివర్స్‌లోనే, నత్తనడకన పోవాలి, నేర్పంతా అక్కడే. రాయి తగిలితే షియర్ బోల్టు తెగి గేర్‌బాక్సును కాపాడుతుంది. తెగుతోంది కదా అని గట్టి బోల్టు బిగించేవాణ్ణి పనివాడనను. గొట్టం మూసుకుపోతే ఇంజిన్ ఆపి కర్రతోనే పొడవండి, చెయ్యి మాత్రం పెట్టకండి.