ఒక్క ఓటు, పది సీట్లు: కువైట్ ఎన్నికల పనితనం

అమెరికాలో 43 రాష్ట్రాల్లో అటార్నీ జనరల్‌ను ప్రజలే ఓటేసి ఎన్నుకుంటారు. మన రాష్ట్రాల్లో అడ్వకేట్ జనరల్‌ను రాజ్యాంగం 165వ అధికరణం ప్రకారం గవర్నర్ నియమిస్తారు. కువైట్‌లోనూ పబ్లిక్ ప్రాసిక్యూషన్ అధిపతిది నియామక పదవే. ఆయన ఎవరినీ ఓటు అడగరు. అయితే అక్కడి చట్టం న్యాయాధికారులకు వేరే బాధ్యత అప్పగించింది. పార్లమెంటు ఎన్నికల్లో ప్రతి పోలింగ్ కమిటీకీ ఒక జడ్జి గానీ, ప్రాసిక్యూషన్ అధికారి గానీ అధ్యక్షత వహించాలి. కడప, రాజంపేట, గోదావరి జిల్లాల వాళ్లు ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఆ దేశంలో ఈ ఎన్నికల యంత్రాంగాన్ని విడదీసి చూస్తే, దాని వెనకున్న ఆలోచన ఎంత లోతైనదో తెలుస్తుంది.

మొదటి భాగం నియోజకవర్గం. 1963 జనవరిలో జరిగిన తొలి పార్లమెంటు ఎన్నికల్లో పది నియోజకవర్గాలు, ఒక్కోదానికి ఐదు సీట్లు. 1981 నుంచి 25 నియోజకవర్గాలు, రెండేసి సీట్లు. 2006లో చట్టం మార్చి వాటిని ఐదుకు కుదించారు. 2008 నుంచి 2024 వరకు ఒక్కో నియోజకవర్గం నుంచి పదిమంది గెలిచేవారు. మొత్తం మీద ఎన్నికయ్యేవాళ్ల సంఖ్య మాత్రం ఎప్పుడూ 50 దాటలేదు.

రెండో భాగం ఓటు. 2008లో ఓటరు నలుగురి పేర్లకు గుర్తు పెట్టగలిగేవారు. కూడబలుక్కున్న ఓటర్లు కలిసికట్టుగా నాలుగు పేర్లనూ గెలిపించుకునే వీలుండేది. 2012 అక్టోబరులో దేశ పాలకుడైన అమీర్ జారీచేసిన డిక్రీతో అది ఒక్క ఓటుకు తగ్గింది. ప్రతిపక్షాలు దీన్ని తీవ్రంగా వ్యతిరేకించి, ఆ డిసెంబరు ఎన్నికలను బహిష్కరించాయి.

ఆ వివాదాన్ని పక్కనపెట్టి లెక్క చూద్దాం. ఒక నియోజకవర్గంలో 1,100 ఓట్లు పోలయ్యాయనుకోండి. 101 ఓట్లు తెచ్చుకున్న అభ్యర్థి ఓడిపోవడం అసాధ్యం. ఆయన ఓడాలంటే మరో పదిమందికీ కనీసం 101 చొప్పున రావాలి. అప్పుడు మొత్తం 1,111 అవుతుంది, అన్ని ఓట్లు లేవు. అంటే పదకొండో వంతు కన్నా ఒక్క ఓటు ఎక్కువున్న ఎవరికైనా సీటు ఖాయం. 303 ఓట్లున్న ఒక వర్గం ముగ్గురిని నిలిపి, ఓట్లను సమంగా పంచుకుంటే మూడు సీట్లూ దానివే. ఆశపడి ఐదుగురిని నిలిపితే, ఒక్కొక్కరికి 60 చొప్పున వచ్చి ఒక్కరూ గెలవకపోవచ్చు. దురాశకు ఈ పద్ధతి తనంతట తానే పగ్గం వేస్తుంది.

మూడో భాగం లెక్కింపు. పోలింగ్ ముగిశాక పెట్టెలను దూరం తరలించకుండా, ఆ కమిటీలోనే విప్పేవారు. అభ్యర్థుల ప్రతినిధులు చూస్తుండగా ఒక్కో బ్యాలెట్ తీసి, దాని మీదున్న పేరును అందరికీ వినిపించేలా చదివేవారు. చదివిందీ కాగితం మీద ఉన్నదీ ఒకటేనా కాదా అని పక్కనున్నవాళ్లు అక్కడికక్కడే సరిచూసుకోగలిగేవారు. సందేహం వస్తే తేల్చడానికి న్యాయాధికారి ఆ గదిలోనే ఉండేవారు. కమిటీల లెక్కలన్నీ కలిస్తేనే నియోజకవర్గం ఫలితం వచ్చేది.

ఇంత చేశాకా పైన ఒక తనిఖీ ఉండేది. ఎన్నికల వివాదాలు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లేవి. ఆ కోర్టు 2012, 2013, 2023 సంవత్సరాల్లో ఏకంగా అప్పటికే జరిగిపోయిన ఎన్నికలనే కొట్టేసింది. 2013లో ఒక్క ఓటు డిక్రీని నిలబెడుతూనే, 2012 డిసెంబరులో ఎన్నికైన సభను మాత్రం రద్దు చేసింది. ఎన్నికల కమిషన్‌ను ఏర్పాటుచేసిన వేరే డిక్రీ చెల్లకపోవడమే అందుకు కారణం.

ఈ యంత్రాంగం కాలంతో పాటు ఎదిగింది కూడా. 2005 మే 16న మహిళలకు ఓటు హక్కు, పోటీ హక్కు వచ్చాయి. 2009లో నలుగురు మహిళలు గెలిచారు. 2024 ఏప్రిల్ 4న మరో సభ ఎన్నికైంది. అయితే మే 10న అమీర్ షేక్ మిషాల్ ఆ సభను రద్దుచేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నాలుగేళ్లకు మించకుండా నిలిపివేశారు. ఎంత చక్కగా అమర్చిన యంత్రమైనా నడవాలంటే దానికి అనుమతి ఉండాలి.

మన దగ్గర ఓటింగ్ యంత్రాలున్నాయి, లెక్కింపు కేంద్రాలు దూరంగా ఉంటాయి. అయినా పోలైన ఓట్ల సంఖ్య రాసిన ఫారం 17సి నకలు పోలింగ్ ఏజెంటుకు అక్కడే ఇస్తారు. మీరు ఎప్పుడైనా ఏజెంటుగా కూర్చుంటే, ఆ కాగితం చేతికి తీసుకోకుండా లేవకండి.